సేవ ఎవరి చేతిలో ఉంది?

సేవ అనే మాట మీద మనకున్న అనుమానం ఊరికే రాలేదు. శూద్రుడికి మనుస్మృతి రాసిపెట్టిన ఒకే ఒక్క పని, పై మూడు వర్ణాలకు అసూయ లేకుండా సేవ చేయడం. ఆ వర్ణాల లెక్కలోకే రాకుండా ఊరి బయట ఉంచిన వాళ్లకు సేవ అంటే వెట్టి. చచ్చిన గొడ్డును మోయడం, కబురు మోయడం, దొర బండి ముందు పరుగెత్తడం అన్నీ సేవలే. ఏ పనికీ కూలి లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ మాటకు రెండో అర్థం వచ్చి చేరింది. ఈసారి సేవ చేసేది వాళ్లు, చేయించుకునేది మనం. 1932లో గాంధీ ఆధ్వర్యంలో పుట్టిన హరిజన సేవక్ సంఘ్ దానికి పెద్ద ఉదాహరణ. మొదట్లో దాని కేంద్ర మండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా ఉన్నారు. ఆ ఏడాది నవంబరులో లండన్‌కు ఓడలో వెళ్తూ ఆయన సంఘం కార్యదర్శి ఏ.వి. ఠక్కర్‌కు ఒక పొడవైన ఉత్తరం రాశారు. మంచినీళ్ల బావుల్లో, బడుల్లో, దారుల్లో పౌరహక్కుల కోసం నిలబడాలని, పనిలో సమాన అవకాశాల కోసం పోరాడాలని, పనిచేసే కార్యకర్తలను అణగారిన కులాల నుంచే తీసుకోవాలని అందులో సూచించారు. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. సంఘం నిర్వహణలో అంటరానివాళ్లకు చోటెందుకు లేదని అడిగితే గాంధీ ఇచ్చిన వివరణ ప్రసిద్ధమే. ఇది సవర్ణులు చేసుకుంటున్న ప్రాయశ్చిత్తం, అప్పు తీర్చాల్సింది వాళ్లు, కాబట్టి నడపాల్సింది కూడా వాళ్లే అన్నది ఆ వివరణ సారాంశం. అప్పు ఉందని ఒప్పుకుంటూనే ఖాతా పుస్తకం తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారన్నమాట.

మరి సేవ అనే మాటను మనం పూర్తిగా వదులుకోవాలా? విద్యార్థినులతో మాట్లాడినప్పుడల్లా ఈ ప్రశ్న నాకు ఎదురవుతుంది. వదులుకోలేమని నేను అనుకుంటాను. 1897లో పుణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగుల మధ్య పనిచేసి, మహర్‌వాడలో జబ్బుపడిన ఒక పిల్లవాడిని వీపు మీద వైద్యశాలకు మోసుకొచ్చి, అదే జబ్బుతో మార్చి 10న కన్నుమూశారు. దాన్ని వెట్టి అనలేం, ప్రాయశ్చిత్తం అనలేం. ఈ మూడో రకం సేవకు మన దగ్గర చరిత్ర ఉంది, దాని గురించి ఆలోచన మాత్రం తక్కువ. ఆ ఆలోచనకు పనికొస్తుందని అమెరికా నల్లజాతి మహిళల సంఘం ఒకదాని కథ ఇక్కడ చెప్పదలచుకున్నాను. దాని పేరు ఆల్ఫా కప్పా ఆల్ఫా. 2024లో కమలా హారిస్ అధ్యక్ష పదవికి పోటీపడినప్పుడు ఆమె సభ్యత్వం కారణంగా ఈ పేరు మన పత్రికల్లోనూ కనిపించింది. ఆకుపచ్చ, గులాబీ రంగుల దుస్తుల ఫొటోలు వచ్చాయి కానీ వాటి వెనకున్న వంద సంవత్సరాల పని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

హోవార్డ్‌లో పుట్టిన సంఘం

వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయం 1867లో, బానిసత్వం రద్దయిన రెండేళ్లకు పుట్టింది. అక్కడ 1908 జనవరి 15న ఎథెల్ హెజ్‌మన్ అనే విద్యార్థిని చొరవతో తొమ్మిదిమంది అమ్మాయిలు కలిసి ఈ సంఘాన్ని మొదలుపెట్టారు. అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థుల సోదర సంఘాలు, విద్యార్థినుల సోదరీ సంఘాలు ఉండేవి. వాటిలో దాదాపు అన్నిటా తెల్లజాతి వాళ్లకే ప్రవేశం. నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న మొట్టమొదటి గ్రీకు అక్షరాల సంఘం ఇదే.

ఆ కాలం ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. వేరుగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనని 1896లో ప్లెస్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ల ఓటు హక్కును పన్నులతో, అక్షర పరీక్షలతో ఊడగొట్టారు. మూకహత్యలు మామూలయ్యాయి. ఆ రోజుల్లో కాలేజీ గడప తొక్కిన నల్లజాతి అమ్మాయిలు చాలా కొద్దిమంది. వాళ్లలో చాలామందికి తాతలు, అమ్మమ్మలు బానిసలుగా పుట్టినవాళ్లే. మన మొదటి తరం పట్టభద్రుల పరిస్థితితో పోల్చి చూస్తే ఆ ఒంటరితనం మనకు ఇట్టే అర్థమవుతుంది.

1912లో సంఘంలోనే ఒక చర్చ వచ్చింది. పేరు, రంగులు, నినాదం మార్చి ఇంకా బాహాటంగా రాజకీయాల్లోకి వెళ్దామని కొందరు అన్నారు. ఆ చర్చ చీలికకు దారితీసింది. 22 మంది బయటికి వెళ్లి 1913 జనవరి 13న డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు. మిగిలినవాళ్లు నెల్లీ క్వాండర్ నాయకత్వంలో జనవరి 29న ఆల్ఫా కప్పా ఆల్ఫాను చట్టబద్ధంగా నమోదు చేయించారు. ఒక విశ్వవిద్యాలయంలోని అమ్మాయిల గుంపు అలా దేశవ్యాప్త సంస్థగా మారింది. చీలిక వల్ల రెండూ నాశనం కాలేదు. ఈనాటికీ రెండూ బలంగా ఉన్నాయి. 1930లో హోవార్డ్‌లోనే పుట్టిన నల్లజాతి గ్రీకు సంఘాల ఉమ్మడి మండలిలో రెండూ కలిసి కూర్చుంటాయి. చీలికలతో అలసిపోయిన మన ఉద్యమానికి ఇదొక్కటే చాలా పెద్ద కబురు.

సంఘం నిర్మాణంలో రెండు సంగతులు ముఖ్యం. మొదటిది, సభ్యత్వం డిగ్రీతో ముగిసిపోదు. చదువు అయ్యాక పట్టభద్రుల శాఖల్లో పని కొనసాగుతుంది. టీచరైనా, డాక్టరైనా, లాయరైనా చనిపోయేదాకా సభ్యురాలే. రెండోది, సంఘం సభ్యుల చందాలతో నడుస్తుంది. ఈరోజు దానికి మూడు లక్షలకు పైగా సభ్యులు, వెయ్యికి పైగా శాఖలు ఉన్నాయి. నవలాకారిణి టోనీ మారిసన్, నాసాలో అంతరిక్ష ప్రయాణాల లెక్కలు కట్టిన క్యాథరిన్ జాన్సన్ ఇందులో సభ్యులు.

ఊరేగింపులో వెనక వరుస, భోజనాల దగ్గర వేరే వరుస

1913 మార్చి 3న వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు కోసం భారీ ఊరేగింపు జరిగింది. నిర్వాహకురాలు ఆలిస్ పాల్. దక్షిణాది తెల్ల మహిళలు నొచ్చుకుంటారేమోనని నల్లజాతి మహిళలను వెనక నడిపించాలన్న ఆలోచన నడిచింది. వివక్ష చూపేటట్లయితే తాము రాలేమని, గౌరవమైన చోటు ఇవ్వాలని హోవార్డ్ విద్యార్థినుల తరఫున నెల్లీ క్వాండర్ ఆలిస్ పాల్‌కు ముందుగానే ఉత్తరం రాసింది. కొత్తగా పుట్టిన డెల్టా సభ్యులకు ఆ ఊరేగింపే మొదటి బహిరంగ కార్యక్రమం. మూకహత్యలకు వ్యతిరేకంగా రాసి ప్రాణాపాయం తెచ్చుకున్న ఐడా బి. వెల్స్‌ను వెనక నల్లవాళ్లతో నడవమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఊరేగింపు కదిలాక జనంలోంచి వచ్చి తన ఇలినాయ్ రాష్ట్ర బృందంలో కలిసి నడిచింది.

అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి న్యూయార్క్‌లో దిగింది అదే సంవత్సరం జులైలో. ఇది కాకతాళీయమే. కానీ సరిగ్గా అలాంటి ఘటన మన నేల మీద కూడా జరిగింది. 1937 డిసెంబరులో నాగపూర్‌లో అఖిల భారత మహిళా సమావేశం జరిగినప్పుడు దళిత మహిళలను భోజనాల దగ్గర వేరుగా కూర్చోబెట్టారు. వాళ్లలో జాయీబాయి చౌధరి ఉంది. ఆమె ఒకప్పుడు నాగపూర్ రైల్వే స్టేషన్‌లో మూటలు మోసిన కూలీ. తర్వాత చదువుకుని చోఖామేళా పేరుతో ఆడపిల్లల బడి నడిపింది. ఆ అవమానాన్ని నిరసిస్తూ దళిత మహిళలు 1938 జనవరి 1న సొంత సభ పెట్టుకున్నారు.

రెండు సంఘటనలూ ఒకే విషయం చెబుతాయి. స్త్రీలందరి పేరుతో నడిచే సంఘంలో కూడా వరుసలు ఉంటాయి. ఆ వరుసలో ఎక్కడ నిలబడాలో ఇంకొకరు నిర్ణయిస్తుంటే అక్కడ జరిగే సేవ కూడా ఆ వరుసను దాటి రాదు. వేరే సంఘం ఎందుకు, కలిసి పనిచేయొచ్చు కదా అని మన విద్యార్థినులను అడిగేవాళ్లు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మిసిసిపీ పొలాల్లో

సంఘం చేసిన పనుల్లో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది మిసిసిపీ ఆరోగ్య కార్యక్రమం. అది 1935 నుంచి 1942 దాకా ప్రతి వేసవిలో కొన్ని వారాలపాటు నడిచింది.

మిసిసిపీ పత్తి పొలాల్లో బానిసత్వం పోయిన చోట పాలికి సాగుచేసే పద్ధతి వచ్చింది. భూమి తెల్ల భూస్వామిది. విత్తనం, పనిముట్లు, తిండిగింజలు అతని దుకాణంలో అప్పు మీద ఇస్తాడు. పంట వచ్చాక అతనే తూకం వేసి అతనే లెక్క చెబుతాడు. ఏడాది చివర్లో అప్పు మిగులుతుంది. అప్పు ఉన్నంతకాలం పొలం వదిలి కదలడానికి లేదు. దొరల గడీల కింద వెట్టి, జీతగాళ్ల బతుకులు చూసిన తెలంగాణ పల్లెలకు ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఐడా జాక్సన్ మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగర ప్రభుత్వ బడుల్లో మొదటి నల్లజాతి ఉపాధ్యాయురాలైంది. ఆల్ఫా కప్పా ఆల్ఫా అధ్యక్షురాలిగా ఉండగా 1934లో మిసిసిపీలోని హోమ్స్ కౌంటీలో పల్లె టీచర్లకు వేసవి శిక్షణ పెట్టించింది. అక్కడికి వెళ్లాక తెలిసింది, పాఠం నేర్వడానికి ముందు పిల్లలకు ఒంట్లో సత్తువ కావాలని. అందుకే మరుసటి ఏడాదికి డాక్టర్ల బృందం తయారైంది. దానికి నాయకురాలు డాక్టర్ డొరొతీ బౌల్డింగ్ ఫెరిబీ. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 1924లో వైద్యపట్టా తీసుకున్నా తెల్ల ఆసుపత్రులు ఆమెను దగ్గరికి రానివ్వలేదు. వాషింగ్టన్‌లో నల్లవాళ్ల కోసం ఉన్న ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో శిక్షణ పొందింది. తర్వాత హోవార్డ్ విశ్వవిద్యాలయ ఆరోగ్య విభాగాన్ని నడిపింది.

బృందం వేల కిలోమీటర్లు సొంత కార్లలో వెళ్లింది. నల్లవాళ్లకు రైల్లో వేరే పెట్టె, దారిలో హోటళ్లలో గదులు ఇవ్వరు. హోమ్స్ కౌంటీలో కొన్ని చోట్ల వైద్య శిబిరాలు పెట్టి జనాన్ని అక్కడికి రప్పించాలన్నది మొదటి ఆలోచన. భూస్వాములు కూలీలను పొలం దాటి పోనివ్వలేదు. ఈ చదువుకున్న నల్ల ఆడవాళ్లు ఉత్తరాది నుంచి వచ్చి కూలీల చెవిలో ఏం ఊదుతారోనన్న భయం వాళ్లది. ఆ భయానికి ఆధారం కూడా ఉంది. నది అవతల ఆర్కాన్సాలో అంతకు ముందు ఏడాదే, 1934లో, దక్షిణాది కౌలురైతుల సంఘం పుట్టింది. అందులో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఉన్నారు.

జనం రాలేకపోతే తామే వెళ్దామని ఫెరిబీ బృందం నిర్ణయించింది. మందులు, సూదులు, తూకం యంత్రాలు కార్లలో సర్దుకుని పొలం నుంచి పొలానికి తిరిగారు. చర్చిల్లో, చెట్ల కింద పరీక్షలు చేశారు. నడుముకు తుపాకులు కట్టుకున్న గుర్రపు రౌతులు పక్కనే నిలబడి రోగి, డాక్టరు ఏం మాట్లాడుకుంటున్నారో వినేవాళ్లని ఫెరిబీ తర్వాత గుర్తుచేసుకుంది. వేలమంది పిల్లలకు డిప్తీరియా, మశూచి టీకాలు వేశారు. మలేరియా, సుఖవ్యాధులు, పుచ్చిపోయిన పళ్లు, పెల్లగ్రా ఎక్కడ చూసినా కనిపించాయి.

పెల్లగ్రా గురించి ఒక మాట చెప్పాలి. చర్మం మీద పుండ్లు, విరేచనాలు, మతిచాంచల్యం దాని లక్షణాలు. మొక్కజొన్న పిండి, ఉప్పుపట్టిన కొవ్వు మాంసం, బెల్లపు పాకం తప్ప ఇంకేమీ దొరకని వాళ్లకు వచ్చే జబ్బు అది. అంటువ్యాధి కాదని, తిండి లోపమేనని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1915లో మిసిసిపీలోనే జైలు ఖైదీలపై చేసిన ప్రయోగంతో తేల్చాడు. మన దగ్గరా ఇదే కథ. తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన హైదరాబాద్ పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో జొన్నతిండి మీదే బతికే దక్కన్ పేదల్లో పెల్లగ్రా గురించి రాశారు. మిసిసిపీలో పత్తి ఇంటి గోడ దాకా వేయించేవాళ్లు, కూరగాయల మడికి జాగా మిగలనిచ్చేవాళ్లు కాదు. జబ్బు మూలం అక్కడుంది. పరిశుభ్రత గురించి ఎంత బోధించినా ఆ జబ్బు పోదు.

ఫెరిబీ బృందం అది గ్రహించింది. మొదట్లో వాళ్లు కూడా నీళ్లు కాచి తాగండి, పళ్లు తోముకోండి అని చెప్పడానికే సిద్ధమై వెళ్లారు. తిరిగొచ్చేటప్పటికి వాళ్ల నివేదికల్లో కూలి, ఇల్లు, తిండి గురించి రాతలు చేరాయి. 1936 నుంచి పని బొలివర్ కౌంటీకి మారింది. నల్లవాళ్లే కట్టుకున్న మౌండ్ బాయూ పట్టణం ఉన్నది అక్కడే. యుద్ధకాలంలో పెట్రోలు, టైర్లకు రేషన్ వచ్చాక 1942 తర్వాత కార్యక్రమం ఆగిపోయింది.

సేవ నుంచి డిమాండుకు

ఇదే సమయంలో సంఘం ఇంకో పని చేసింది. సంస్థాపక సభ్యుల్లో ఒకరైన నార్మా బాయిడ్ 1938లో వాషింగ్టన్‌లో ఒక శాశ్వత కార్యాలయాన్ని ఏర్పాటు చేయించింది. కాంగ్రెస్‌లో ఏ బిల్లు వస్తోంది, అందులో నల్లవాళ్లకు ఏముంది, ఎవరిని కలవాలి అన్నది చూడడమే దాని పని. ఇళ్లలో పనిచేసేవాళ్లు, పొలం కూలీలు 1935 సామాజిక భద్రతా చట్టం పరిధిలోకి రాకుండా పోయిన రోజులవి. నల్లజాతి మహిళల్లో అత్యధికులు చేసే పనులు ఆ రెండే. ఒక చేత్తో సూదిమందు, ఇంకో చేత్తో చట్టసభ తలుపు తట్టడం. రెండు పనులూ ఒకే సంఘం, ఒకే చందాతో చేసింది. సేవకు, దానానికి తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. దానం పుచ్చుకున్నవాడి దగ్గర ఆగిపోతుంది. సేవ వెళ్లి జబ్బుకు కారణమైనవాళ్లను నిలదీయాలి.

దాని పరిమితులు కూడా చెప్పుకోవాలి. కాలేజీ చదువు ఉన్నవాళ్లకే సభ్యత్వం. పత్తి ఏరే స్త్రీ అందులో రోగి అయింది, సభ్యురాలు కాలేదు. తెల్లవాళ్ల దృష్టిలో మర్యాదస్తులుగా కనిపించాలన్న తాపత్రయం, మధ్యతరగతి డాబు, చామనఛాయకు ఇచ్చే ఎక్కువ విలువ ఈ సంఘాలన్నిటి మీదా వచ్చిన విమర్శలే. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1957 నాటి తన ఆంగ్ల పుస్తకంలో నల్ల మధ్యతరగతి సంఘాల ఆడంబరాన్ని నిర్దాక్షిణ్యంగా ఎండగట్టాడు. మిసిసిపీలో భూస్వామి అనుమతి లేకుండా పొలంలోకి అడుగుపెట్టలేరు కాబట్టి, పాలు పద్ధతిని అక్కడ బాహాటంగా వ్యతిరేకించలేకపోయారు. ఆ పని తర్వాతి తరం చేసింది. బొలివర్ పక్కనే ఉన్న సన్‌ఫ్లవర్ కౌంటీలో పాలికి పత్తి ఏరుకుని బతికిన ఫ్యానీ లూ హేమర్ 1962లో ఓటరుగా నమోదు చేసుకోవడానికి వెళ్లినందుకు పొలం నుంచి వెళ్లగొట్టబడి, ఉద్యమ నాయకురాలైంది. 1967లో అదే మౌండ్ బాయూలో, రోగులకు నిర్వహణలో మాట ఉన్న సామాజిక ఆరోగ్య కేంద్రం వెలిసింది. ఆహారమే మందు అని అక్కడి డాక్టర్లు కూరగాయలు, పాలు, మాంసం మందుచీటీ మీద రాసిచ్చారు. ఫెరిబీ బృందం చూసి వచ్చిన జబ్బుకు సరైన మందు ఆ చీటీ మీద కనిపించింది.

నాగపూర్, 1942

మిసిసిపీ కార్యక్రమం చివరి వేసవిలోనే, 1942 జులై 20న, నాగపూర్‌లో అఖిల భారత అణగారిన వర్గాల మహిళా సమావేశం జరిగింది. సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత వహించింది. ఇరవై వేలకు పైగా మహిళలు వచ్చారు. వాళ్లలో చాలామంది మిల్లు కూలీలు, బీడీ కార్మికులు, మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు. విడాకుల హక్కు, బహుభార్యత్వం రద్దు, మిల్లులు, బీడీ కార్ఖానాలు, మున్సిపాలిటీలు, రైల్వేల్లో పనిచేసే స్త్రీలకు జీతంతో సెలవు, దెబ్బ తగిలితే పరిహారం, పెన్షన్, ఆడపిల్లలకు ప్రభుత్వ హాస్టళ్లు, చట్టసభల్లో సీట్లు కావాలని తీర్మానాలు చేశారు. బాబాసాహెబ్ అదే నెలలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. గని కార్మిక మహిళల ప్రసూతి ప్రయోజనాల సవరణ బిల్లును 1943లో ప్రవేశపెట్టారు.

పోల్చి చూడండి. హోవార్డ్ సంఘానికి నిర్మాణం ఉంది, చందా ఉంది, జీవితాంతపు బంధం ఉంది. పొలం కూలీ మాత్రం సభ్యురాలు కాదు. నాగపూర్‌లో కూలీ స్వయంగా వేదిక ముందు కూర్చుని తీర్మానానికి చెయ్యెత్తింది. కానీ ఆ సభ తర్వాత ఆ వేలమందిని ఏళ్ల తరబడి కట్టిపట్టి ఉంచే శాఖలు, చందా, కార్యాలయం నిలబడలేదు. ఇంకో తేడా కూడా ఉంది. ఆల్ఫా కప్పా ఆల్ఫా 1921 నుంచి సొంత పత్రిక నడిపింది, నివేదికలు భద్రపరిచింది. అందుకే ఫెరిబీ ఏ కౌంటీలో ఏం చేసిందో ఇవాళ మనం చదవగలుగుతున్నాం. మన నాగపూర్ స్త్రీల చరిత్ర కోసం ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్ ఇల్లిల్లూ తిరిగి ముసలమ్మలను కూర్చోబెట్టి అడిగి, 1989లో మరాఠీ పుస్తకంగా తేవలసి వచ్చింది. వాళ్లిద్దరూ ఆ పని చేయకపోతే జాయీబాయి చౌధరి పేరు కూడా మనకు మిగిలేది కాదు.

మన దగ్గర జారిపోయినవి

తెలుగు నేల మీద కూడా సేవ, ఉద్యమం కలిసిన ఘట్టం ఒకటుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం మొదలయ్యాక రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో రోశమ్మతో పాటు నిలబడిన కూలి స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని ఊళ్లోంచి తరిమేశారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచినవాళ్లలో చాలామంది దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్లు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఏమైంది? అదే నెల్లూరులో ఆ సంఘాలను పొదుపు లక్ష్మి పథకంలోకి మళ్లించారు. సారా వేలంపాటను ఆపిన చేతుల్లో పొదుపు పాసుపుస్తకం పెట్టారు. పొదుపు చెడ్డదని నేను అనను. ఎంతోమందికి అది ఆసరా అయింది. కానీ సమావేశంలో ఏం మాట్లాడాలో నిర్ణయించే అధికారం ఆడవాళ్ల చేతిలోంచి అధికారి చేతిలోకి పోయింది. ఈనాడు స్వయం సహాయక సంఘంలో అప్పు కంతు గురించి చర్చ జరిగినంతగా, కూలిరేటు గురించో కులదాడి గురించో జరగదు.

హైదరాబాద్‌లో జె. ఈశ్వరీబాయి ఇంకో దారి చూపింది. ఆడపిల్లల చదువు కోసం గీతా విద్యాలయం నడిపింది, రిపబ్లికన్ పార్టీ నాయకురాలైంది, ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు వెళ్లి దళితుల మీద దాడుల గురించి నిలబడి అడిగింది. బడి నడపడం ఒక పనీ, సభలో నిలదీయడం ఇంకో పనీ అని ఆమె అనుకోలేదు. ఆమె తర్వాత ఆ పనిని అందుకునే సంఘం మాత్రం మనం కట్టుకోలేదు. మనకు గొప్ప వ్యక్తులు చాలామంది ఉన్నారు. వాళ్ల వెనక నిలబడిన సంఘాలు తక్కువ.

1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్లు తనను మోసం చేశారని బాధపడ్డారని మనం ప్రతి ఏప్రిల్ 14న చెప్పుకుంటాం. ఆ మాటను తిట్టుగా వాడుకుంటున్నాం తప్ప, చదువుకున్నవాళ్లు తిరిగి రావడానికి దారి వేశామా అని అడగం. కాన్షీరాం 1978లో బామ్‌సెఫ్‌ను స్థాపించింది ఈ ప్రశ్నకే జవాబుగా. ఉద్యోగులు సమాజానికి తిరిగి చెల్లించాలన్న ఆలోచనకు నిర్మాణం ఇచ్చింది అది. అందులోనూ స్త్రీల సొంత నిర్ణయాలకు చోటు చాలా తక్కువే ఉండింది.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో చూడండి. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి, వాటి మహిళా డిగ్రీ కళాశాలల నుంచి అమ్మాయిలు పీజీకి, పరిశోధనకు వస్తున్నారు. విద్యార్థి సంఘాల్లో చురుగ్గా పనిచేస్తున్నారు. ఎన్నికల్లో నిలబడుతున్నారు. ఫెలోషిప్ ఆగినప్పుడు, గైడు వేధించినప్పుడు, హాస్టల్‌లో అవమానం జరిగినప్పుడు కొట్లాడుతున్నారు. చదువు అయిపోయిన రోజు ఆ బంధం తెగిపోతుంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, బదిలీ. ఐదేళ్ల అనుభవం ఇంట్లో పెట్టెలోకి పోతుంది. మరుసటి ఏడాది కొత్తగా వచ్చిన అమ్మాయి అదే గైడుతో, అదే గుమస్తాతో మొదటినుంచి మొదలుపెడుతుంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం తర్వాత అందరం రోడ్డెక్కాం. రోడ్డు మీద నుంచి దిగాక నెలనెలా కలుసుకునే చోటు ఎంతమందికి ఉంది?

నేను అడుగుతున్నది పెద్ద సంస్థ కాదు. ఒక విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చిన దళిత బహుజన మహిళలు ఒక శాఖగా ఏర్పడాలి. ఉద్యోగం ఉన్నవాళ్లు జీతంలో కొంత చందా ఇవ్వాలి. ఆగిపోయిన ఫెలోషిప్ వచ్చేదాకా మెస్ బిల్లు కట్టడం, ఫిర్యాదు రాసిపెట్టడం, లాయర్‌ను కుదర్చడం, ఇంటర్వ్యూకు ఊరు వచ్చిన అమ్మాయికి రెండు రాత్రులు పడక ఇవ్వడం లాంటి పనులతో మొదలుపెట్టొచ్చు. ఏ కేసు ఎలా తేలిందో ప్రతిదీ కాగితం మీద ఉండాలి. ఆ కాగితాలన్నీ కలిపితే ఏడాది చివర్లో అది యూజీసీ ముందు, రాష్ట్ర ప్రభుత్వం ముందు పెట్టగల డిమాండు అవుతుంది. హోవార్డ్ సంఘం చేసిన తప్పు మనం చేయకూడదు. హాస్టల్ వంటమనిషి, విశ్వవిద్యాలయంలో ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలు ఆ శాఖలో సభ్యులై ఉండాలి. నాగపూర్ మనకు నేర్పింది అదే.

సేవ పేరుతో ఎవరు వచ్చినా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. డబ్బు ఎవరిది? నిర్ణయం ఎవరిది? జరిగినదానికి లెక్క ఎవరికి చెబుతారు? 1932లో ఓడ మీద నుంచి రాసిన ఉత్తరంలో అంబేద్కర్ ఠక్కర్ ముందు పెట్టిన విషయం ఇంచుమించు ఇదే. ఆ ఉత్తరానికి అటునుంచి జవాబు రాలేదు. ఇకముందు వాళ్ల జవాబు కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈ చదువుల సంవత్సరం ముగిసేలోగా ఒక్కో విశ్వవిద్యాలయంలో పదిమంది పాత విద్యార్థినులు ఒక గదిలో కూర్చుని, ఒక రసీదు పుస్తకం, ఒక మినిట్స్ పుస్తకం తెరిస్తే పని మొదలైనట్టే.